అడిగి నడిచిన బాట

మా లా కాలేజీ నల్లకోట్ల వాసన ఇన్నేళ్ళయినా నా ముక్కును వదలలేదు. లైబ్రరీ వెనక గదిలో ఒక ఇనప బీరువా ఉండేది. మూట్ కోర్టు, అంటే ఉత్తుత్తి కేసు వాదించే పోటీ, ఉన్న రోజున ఆ బీరువా తెరిచి కోట్లు పంచేవారు. పోటీ అయ్యాక మళ్ళీ అందులోనే తగిలించేవారు. వాటిని ఉతకడం నేనెప్పుడూ చూడలేదు. చంకల దగ్గర తెల్లటి ఉప్పు చారలు కట్టి, కాలర్ మీద ఎవరిదో తలనూనె మెరుస్తూ, జేబులో ఎవరో మరిచిపోయిన వక్కపొడి పొట్లంతో ఆ కోటు నా భుజాల మీదికి వచ్చేది. పైనుంచి నాఫ్తలీన్ ఉండల ఘాటు. అది తొడుక్కుని, ఎండాకాలం రేకుల షెడ్డులో నిలబడి, "మై లార్డ్" అనాలి.

నేను చదివింది లా, బిజినెస్ రెండూ కలిపిన ఐదేళ్ళ కోర్సు. రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తల్లో మా మేడ్చల్ వైపు దాని పేరే ఎవరికీ నోరు తిరిగేది కాదు. పొద్దున లా క్లాసులు, అన్నాలయ్యాక బిజినెస్ క్లాసులు. పొద్దున హక్కు అంటే ఏమిటో చెప్పేవారు. మధ్యాహ్నం అదే హక్కును అవతలి మనిషి చేతిలోంచి, అతనికి నొప్పి తెలియకుండా, ఎలా తీసుకోవాలో చెప్పేవారు. పైకి అలా అనరు, దానికి వేరే మంచి మంచి పేర్లుండేవి. ఆ పేర్లు వింటే నాకు ఒళ్ళు మండేది. మొదటి ఏడాది మాత్రం నేనూ నోరు తెరుచుకుని విన్నాను.

మాది రావల్కోల్. ఆ రోజుల్లో మా వైపు భూములకు రెక్కలొచ్చాయి. పొలం గట్టు మీద ఎవడో కొత్తవాడు కారు ఆపి దిగాడంటే, సాయంత్రానికి ఆ ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేసేవారు. మా నాయిన అదంతా చూసి భయపడ్డాడు. "ఇంట్ల ఒక వకీలుంటే ఎవడు మన మీదికి రాడు బిడ్డా. నువ్వు గదే సదువు" అన్నాడు. నాతో చదివినవాళ్ళు చాలామంది భూములున్న ఇళ్ళ పిల్లలే. వాళ్ళ నాయినలు అప్పటికే ప్లాట్లు వేసి అమ్ముతున్నారు, సర్పంచులుగా నిలబడుతున్నారు. ఆ పిల్లలకు కావలసింది చట్టం కాదు, కారు అద్దం మీద "అడ్వకేట్" అని అతికించుకునే స్టిక్కరు. కొందరు మొదటి సెమిస్టర్‌లోనే అతికించేశారు కూడా.

కాలేజీ ఉన్నది శామీర్‌పేట అవతల మా మేనమామ ఊళ్ళో. రోజూ రావల్కోల్ నుంచి రెండు ఆటోలు మారి, గేదెలు అడ్డం పడే రోడ్డు మీద రావడం కష్టమని నాయిన నన్ను మామ ఇంట్లో దింపాడు. మామ, అత్త, ఒక జత గేదెలు, నేను. మామకు నన్ను చూస్తే పరాచికం. పొద్దున పళ్ళు తోముకుంటుంటే "ఏందమ్మా వకీలమ్మా, ఇయ్యాల ఎవని కొంప ముంచుతున్నవ్?" అనేవాడు. టై కట్టుకుని బయల్దేరితే "గేదెకు పలుపు గూడ గింత బిగ్గె కట్టరు గదనే" అని అత్తతో చెప్పి నవ్వేవాడు.

మామ పొలం కాలేజీ వెనకాల ఉండేది. బావి, మోటరు, టమాట, కొత్తిమీర. పొద్దున్నే ట్రాలీ ఆటోలో టమాట డబ్బాలు ఎక్కించి బోయినపల్లి మార్కెట్‌కు పంపేవాడు. ఊరికీ ఆ పొలానికీ మధ్య ఒకప్పుడు ఒక పటేల్ వాళ్ళ ద్రాక్షతోట ఉండేది. తొంభైల్లో, నా చిన్నప్పుడు, ఎండాకాలం సెలవులకు వస్తే మామ ఎడ్లబండి మీద ఆ తోట పక్కనుంచే పొలానికి పోయేవాళ్ళం. తోటలో మందు కొట్టిన రోజైతే గంధకం వాసన, లేని రోజైతే పులిసిన పండ్ల వాసన. ఆ పందిళ్ళ పక్కన బండి చక్రాలు దిగబడి గట్టిపడిన బాట ఉండేది. మామ నాయిన, ఆయన నాయిన కూడా నడిచిన బాట. ఊరి నక్షలో మాత్రం దాన్ని ఎవరూ గీయలేదు. గీయాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఊళ్ళో ఒక అలవాటు ఉంది. మా వైపు అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే కానీ అక్కడ ఇంకా ఎక్కువ. ఇంకొకరి వాకిట్లోంచి గానీ, కల్లంలోంచి గానీ, గట్టు మీదనుంచి గానీ పోవాలంటే ఊరికే పోరు. అక్కడ మనిషి కనిపిస్తే "పోదునా?" అని అడుగుతారు. అవతలివాళ్ళు "పోరాదు" అంటారు. పోవచ్చు, పో అని. కాదన్నవాడు పుట్టలేదు. అడిగినవాడు జవాబు కోసం ఆగడు కూడా, నడుస్తూనే ఉంటాడు. ద్రాక్షతోటలో పటేల్ మంచం మీద కూర్చుని ఉంటే మామ బండి ఆపకుండానే "పోదునా పటేలా?" అనేవాడు. ఆయన చుట్ట తీయకుండానే చెయ్యి ఊపేవాడు. ఎదురుగా మనిషిని పెట్టుకుని పలకరించకుండా పోవడం పశువు చేసే పని అని ఆ ఊరి లెక్క.

తర్వాత ద్రాక్షకు తెగులొచ్చింది. బోర్లు ఎండాయి. పటేల్ తోట తీసేసి భూమిని కాలేజీకి అమ్మాడు. కాలేజీవాళ్ళు చుట్టూ కంచె వేశారు గానీ బాట మూయలేదు. ఈ కొసకు ఒక గేటు, ఆ కొసకు ఒక గేటు పెట్టి, ఈ గేటు దగ్గర ఒక వాచ్‌మన్‌ను కూర్చోబెట్టారు. మామ పొద్దున గేదెలను తోలుకుని పోయి "పోదునా తమ్మీ?" అనేవాడు. వాచ్‌మన్ "పోరాదే కాకా" అని గొళ్ళెం తీసేవాడు. అంతే, ఏ పేచీ లేదు. ఆ బాట మూసేస్తే మామ పొలానికి ట్రాలీ పోయే తోవ ఇంకోటి లేదు. చుట్టూ తిరిగి కుంట కట్ట మీద కాలిబాట పట్టాలి, దాని మీద మనిషి పట్టడమే కష్టం. ట్రాలీ పోని టమాట తోటను ఎవడు పెట్టుకుంటాడు? ఆ సంగతి మామకు తెలుసు, కాలేజీకీ తెలుసు.

కాలేజీ వాతావరణం గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే నా కసి అర్థం కాదు. ఏసీ ఉన్నది ఒక్క గదిలో. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులను ఆ గదిలో కూర్చోబెట్టి చల్లటి నీళ్ళిచ్చేవారు, మేం చేరాక దానికి తాళం పడేది. క్యాంటీన్‌లో నిన్నటి నూనెలోనే ఇవాళ్టి సమోసాలు వేగేవి. తెలుగు మాట్లాడితే ఫైను. మామ గేదెలు క్యాంపస్ బాట మీద పేడ వేస్తే అమ్మాయిలు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని "యక్" అనేవాళ్ళు. వాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో గేదెలుండేవి. పొద్దున ఆ పాలు తాగి వచ్చేవాళ్ళు. ఆ "యక్" విన్నప్పుడు నాకు వాళ్ళ మీద పుట్టిన రోత పేడ మీద ఎన్నడూ పుట్టలేదు.

అక్కడ నేను గౌరవించిన మనిషి ఒక్కడే, మా లా సారు. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. కోటు చేతుల నిండా సుద్దపొడి. కష్టమైన సెక్షన్‌ను కూడా ఊళ్ళో జరిగిన తగాదాలా చెప్పేవారు. బిజినెస్ క్లాసు మా డైరెక్టరుగారే తీసుకునేవారు. ఆయన గదిలోకి రాకముందే సెంటు వాసన వచ్చేది. బాట మీద మామ ఎదురుపడితే "ఎట్లున్నవ్ పెద్దాయనా?" అని భుజం మీద చెయ్యి వేసేవారు. మామ మురిసిపోయేవాడు. తర్వాత మెట్లెక్కుతూ డైరెక్టరుగారు జేబులోంచి తడి టిష్యూ తీసి ఆ చేతిని వేలు వేలునా తుడుచుకునేవారు. కిటికీలోంచి నేను చూసేదాన్ని.

మూడో ఏడాది ఆస్తి చట్టం పాఠం వచ్చింది. ఇంకొకరి భూమి మీదుగా నడిచే హక్కు గురించి. లా సారు బోర్డు మీద రెండు పొలాలు గీసి, మధ్యన ఒక గీత గీశారు.

"ఇరవై ఏళ్ళకు పైగా బాహాటంగా, అడ్డు లేకుండా, తన హక్కు అన్నట్టుగా నడిస్తే ఆ దారి అతనిదవుతుంది. కాగితం అక్కరలేదు" అన్నారు. నాకు ఆనందం పట్టలేదు. మామ తాత నడిచిన బాట కదా. సారు సుద్దముక్క దులిపి, "కానీ ఒక్క మాట" అన్నారు. "అడిగి నడిచినవాడికి మిగిలేది అనుమతే, హక్కు కాదు. వందేళ్ళు నడిచినా కాదు. అనుమతి ఇచ్చినవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేసుకోవచ్చు."

కిటికీలోంచి గేటు కనిపిస్తూనే ఉంది. గేదెలు ముందు, మామ వెనక. చెయ్యెత్తి వాచ్‌మన్‌తో ఏదో అంటున్నాడు. ఏమంటున్నాడో నాకు వినపడనవసరం లేదు.

సాయంత్రం ఇంటికి పోగానే మామను పట్టుకున్నాను.

"మామా, రేపటి సంది గేటు కాడ ఏం అడగకు. సప్పుడు జేయకుంట పో."

"అడుగకుంట ఎట్ల పోతనే? మనిషి గాడ కూసుండె."

"గది మన బాట. మన బాట మీద పోనీకి వేరేటోన్ని ఎందుకు అడగాలె?"

"మన బాటనే. ఎవడు కాదన్నడు? గాయన మనిషి గదా, పలకరియ్యొద్దా?"

చట్టం చెప్పాను. అడిగితే హక్కు పోతుందని, రేపు కోర్టులో అదే పట్టుకుంటారని, నాకు తెలిసినంత తెలుగులోకి దించి చెప్పాను. మామ బీడీ ఆర్పాడు. "అంటే, మర్యాదగున్నోని బాట పోతది, మొండోని బాట ఉంటది. గదేనా మీ పుస్తకంల రాసింది?" అన్నాడు. రాసింది అదే కదా.

నా పోరు పడలేక మర్నాడు ప్రయత్నించాడు. నేను గోడ పక్కన నిలబడి చూస్తున్నాను. మామ తల వంచుకుని, మెడ బిగించి, గేటు దాకా పోయాడు. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. మామ నోరు మెదపలేదు. వాచ్‌మన్ బిత్తరపోయి "ఏందే కాకా, పాణం మంచిగలేదా?" అన్నాడు. మామ గేటు దాటి కొంతదూరం పోయాడు. ఆగాడు. గేదెలను అక్కడే వదిలి వెనక్కి వచ్చాడు. "ఏం లేదు తమ్మీ, జర పరేషాన్ల ఉంటి. పోదునా మరి?" అన్నాడు. వాచ్‌మన్ పడీపడీ నవ్వాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అదే నెలలో డైరెక్టరుగారు బిజినెస్ క్లాసులో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. మన చుట్టూ ఉన్న ఊరివాళ్ళు మన సంస్థ గురించి ఏమనుకుంటున్నారో వీడియో తీయాలి. ఏ ప్రశ్నలు అడగాలో ఆయనే బోర్డు మీద రాయించారు. కాలేజీ మిమ్మల్ని లోపలినుంచి పోనిస్తోందా? ఎప్పుడైనా కాదన్నారా? పోనిస్తున్నందుకు మీకెలా ఉంది? లా క్లాసులో ఆ పాఠం విన్నవాళ్ళం అందరమూ అదే గదిలో కూర్చున్నాం. ఆ ప్రశ్నలు ఏ పుస్తకంలోంచి వచ్చాయో ఒక్కరికీ తట్టలేదో, తట్టినా పట్టలేదో నాకు తెలియదు. నేను లేచి "నేను ఈ ప్రాజెక్టు చేయను సర్" అన్నాను. "నీకు ఇక్కడివాళ్ళ భాష బాగా వచ్చు కదమ్మా, నువ్వే లీడ్ చేస్తావనుకున్నాను" అని నవ్వారు డైరెక్టరుగారు. చేయలేదు. ఆ పేపరులో నన్ను ఫెయిల్ చేశారు, మళ్ళీ రాసుకున్నాను. దానికి నాకేం బాధ లేదు.

ప్రాజెక్టు చేసింది పటేల్ కొడుకు. అవును, ద్రాక్షతోట పటేల్ కొడుకే, మా క్లాసే. చెడ్డవాడు కాదు. జోకులేస్తాడు, అందరికీ కూల్‌డ్రింకులు ఇప్పిస్తాడు, పాఠం ఒక్క ముక్క చదవడు. మామతో "కెమెరా ముందర ఏం మాట్లాడకు" అని ముందే చెప్పాను. కానీ పటేల్ కొడుకు గేటు దగ్గరికి పోయి, "కాకా, నువ్వు జర మాట్లాడితే నాకు మార్కులొస్తయి" అన్నాడట. మామకు వాడు చిన్నప్పుడు చంకనెక్కిన పిల్లాడు. "పిలగాడు అంత మర్యాదగ అడిగె, వద్దంటే ఏం బాగుంటది?" అన్నాడు నాతో. అత్త మాత్రం "టీవీల వస్తడట మీ మామ" అని మురిసింది.

కాలేజీ వార్షికోత్సవం రోజున తెల్లటి తెర మీద మామ మొహం వచ్చింది. అంత పెద్దగా. అరిగిన పళ్ళు, తలకు చుట్టిన తువ్వాలు. "మస్తు మంచోళ్ళు సారు. నేను పొద్దుగాల పోయి పోదునా అంటే పోరాదు అంటరు. ఎన్నడు కాదనలె. వాళ్ళు పోనిస్తున్నరు, మేం పోతున్నం. వాళ్ళ దయ" అన్నాడు మామ. హాలంతా చప్పట్లు. కొందరు అమ్మాయిలు "సో స్వీట్" అన్నారు. గేదెలను చూసి యక్ అన్నవాళ్ళే. మొదటి బహుమతి పటేల్ కొడుక్కి వచ్చింది. డైరెక్టరుగారు మైకు పట్టుకుని గెలుపు అంటే ఇలా ఇద్దరూ గెలిచేదే అని ఏదో చెప్పారు. బయటికి వచ్చి నల్లా దగ్గర మొహం కడుక్కున్నాను.

ఎండాకాలం సెలవుల్లో గోడ లేచింది. పిల్లలు లేని సమయం చూసి కట్టారు. రెండు గేట్లూ పీకేసి, బాటకు అడ్డంగా సిమెంటు ఇటుకలు. మామ పొద్దున గేదెలను తోలుకుపోతే వాచ్‌మన్ కుర్చీ కూడా లేదట. అడగడానికి ఎవరూ లేరు. మామ ఆ గోడ ముందు చాలాసేపు నిలబడి ఇంటికి వచ్చాడు. ఒక వారం తర్వాత కాలేజీ మనిషి ఒకడు వచ్చి, పొలం ఎలాగూ పనికిరాదు కాబట్టి వాళ్ళే కొంటారని, మామ మంచితనం చూసి మంచి ధర ఇస్తారని చెప్పాడు. అత్త ఇచ్చిన టీ తాగి పోయాడు కూడా.

మామ కోర్టుకు పోయాడు. నేనే పొమ్మన్నాను. మేడ్చల్‌లో ఒక వకీలును పెట్టుకున్నాం. కాలేజీ వేసిన జవాబును ఆయన నా చేతికిచ్చి చదవమన్నాడు. ఇంగ్లీషులో ఉంది. మధ్యలో ఒక వాక్యం దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. అడిగి నడిచినవాడికి మిగిలేది అనుమతే, హక్కు కాదు. వందేళ్ళు నడిచినా కాదు. సరిగ్గా సారు క్లాసులో ఇంగ్లీషులో చెప్పిన ఆ మాటలే, ఆ వరసలోనే. దాని వెంటే ప్రాజెక్టు వీడియోను సాక్ష్యంగా జతచేస్తున్నామని ఉంది.

మర్నాడు స్టాఫ్ రూమ్‌కు పోయాను. లా సారు ఒక్కరే ఉన్నారు, డబ్బాలోంచి పెరుగన్నం తింటున్నారు.

"సార్, ఆ జవాబు మీరు రాశారా?"

ఆయన దాపరికం చేయలేదు. "ఉద్యోగం కదమ్మా. అడిగితే రాసిచ్చాను" అన్నారు.

"ఆ రోజు క్లాసులో చెప్పినప్పుడే మీకు తెలుసా సార్? ఈ గేటు గురించేనా?"

"పాఠం సిలబస్‌లో ఉంది" అన్నారు. చెంచా కింద పెట్టారు. "నేను చట్టం చెప్పాను. నీకూ చెప్పాను, వాళ్ళకూ చెప్పాను. తేడా చూపించలేదు. నువ్వు మీ మామకు చెప్పలేదా మరి?"

ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడుగుతున్నారు. అదే నాకు భరించలేని సంగతి. డైరెక్టరు మీద నాకు మొదట్నుంచీ గౌరవం లేదు కాబట్టి పోయిందేమీ లేదు. ఈయన పాఠం విని నేను మనిషినయ్యాననుకున్నాను. ఆయన పెదవి మీద పెరుగు మెతుకు అంటుకుని ఉంది. దాన్ని చూస్తూ ఇంక అక్కడ నిలబడలేకపోయాను.

కేసు సాగీ సాగీ నేను ఐదో ఏడాదిలో ఉండగా మామ సాక్ష్యం వచ్చింది. కోర్టు వరండాలో మా వకీలు మామను పక్కకు తీసుకుపోయి, "గేటు కాడ అడిగినవా అంటే యాదికి లేదని చెప్పు. గంతే" అన్నాడు. "గంత యాది లేనోన్నా నేను?" అన్నాడు మామ. ఉతికిన తెల్ల ధోతి కట్టుకొచ్చాడు పాపం, పెళ్ళికి పోయినట్టు. ఆ హాలులో అందరూ నల్లకోట్లే. కిటికీలు మూసి ఉన్నాయి. మా కాలేజీ బీరువా వాసన అక్కడ ఇంకా పెద్దగా ఉంది.

కాలేజీ వకీలు పెద్ద వయసు మనిషి. గొంతులో తేనె.

"పెద్దాయనా, పొద్దుగాల గేటు కాడికి పోయి ఏమంటుంటివి?"

మా వకీలు దగ్గాడు. మామ ఆ దగ్గును పట్టించుకోలేదు.

"పోదునా తమ్మీ అంటుంటి."

"ఆయనేమనేటోడు?"

"పోరాదే కాకా అనేటోడు."

"రోజు అడిగేటోనివా?"

"రోజు అడుగకుంట ఎట్ల పోత సారు? ఎదురుంగ మనిషుండె."

"అంటే వాళ్ళు పోనిస్తేనే పోయినవు."

"పోనియ్యక ఏంజేస్తరు? గది మా బాటనాయె" అన్నాడు మామ. అని హాలులో అందరివైపూ చూసి నవ్వాడు. అంత తెలిసిన సంగతి అడుగుతున్నారేమిటన్నట్టు.

జడ్జిగారు పక్కనున్న టైపిస్టుకు ఇంగ్లీషులో చెప్పి రాయించారు. ప్రతిరోజూ అనుమతి అడిగి, వారు అనుమతిస్తేనే ఆ దారిన వెళ్ళేవాడినని సాక్షి ఒప్పుకున్నాడు. టైపు మిషను టకటకలాడి ఆగింది. "గది మా బాటనాయె" అన్నది అందులో లేదు. మా వకీలు లేచి ఆ మాట కూడా రాయించమని అడగాలి. నేను ఆయన వైపే చూస్తున్నాను. ఆయన బల్ల కింద ఫోను చూసుకుంటున్నాడు. మామకు ఇంగ్లీషు రాదు. బోనులోంచి నన్ను వెతికి, బాగా చెప్పానా అన్నట్టు కళ్ళెగరేశాడు. నేను తల ఊపాను. ఇంకేం చేయను?

తర్వాత అదే హాలులో వీడియో కూడా వేశారు. "వాళ్ళ దయ" అన్న మాట దగ్గర ఆపి, మళ్ళీ వేశారు. ఆ కూర్చున్న నల్లకోట్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. రేపు నేను తొడుక్కోబోయేది ఈ కోటే కదా అని నా చేతులను నేనే చూసుకున్నాను. నాయిన ఏ ధైర్యంతో నన్ను ఇందులోకి పంపాడో తలుచుకుంటే దుఃఖం కంటే రోతే ఎక్కువగా వచ్చింది.

తీర్పు మామకు వ్యతిరేకంగా వచ్చింది. చట్టప్రకారం తప్పు పట్టడానికి ఏమీ లేదు, నేనే పరీక్షలో రాసినా అలాగే రాసేదాన్ని. కొన్నాళ్ళు మామ, అత్త కుంట కట్ట మీదుగా టమాటలు నెత్తిన మోశారు. అత్త ఒకసారి జారి పడింది. ఆ కాపు సగం చెట్టు మీదే మురిగిపోయింది. ఆ వాసన ఊళ్ళోకి వచ్చేది. చివరికి పొలం కాలేజీకే అమ్మాడు. ఎంతకు అని నన్ను చాలామంది అడిగారు, మామను ఒక్కరూ అడగలేదు. ఇప్పుడక్కడ కాలేజీ బస్సులు నిలుపుతారు.

డిగ్రీ పంచే రోజున నేను పోలేదు. తర్వాత యూనివర్సిటీ ఆఫీసుకు పోయి తెచ్చుకున్నాను. మామకు చూపిద్దామని అటునుంచి అటే ఆయన ఊరికి పోయాను. మామ బస్టాపు దగ్గర ఎదురొచ్చాడు. పనీపాటా లేక బాగా చిక్కిపోయాడు, మాట తగ్గింది. వకీలమ్మా అని పిలవలేదు. ఇద్దరం ఇంటి వైపు నడిచాం.

దారిలో ఒక ముసలవ్వ ఇల్లుంది. మామకు వరసకు పెద్దమ్మ. ఆమె వాకిలి దాటే అందరూ ఊళ్ళోకి పోతారు. ఆ రోజు వాకిలినిండా ఎర్రటి మిరపకాయలు ఎండబోసి, అరుగు మీద కూర్చుని కాకులను తోలుతోంది. మిరపకాయల మధ్య ఒక మనిషి నడిచేంత సందు వదిలింది. నా చిన్నప్పట్నుంచీ మామ ఆ వాకిట్లోకి అడుగు పెట్టకముందే గొంతెత్తి "పోదునా పెద్దమ్మా?" అనేవాడు. ఆ పిలుపు కోసమే ఆమె అక్కడ కూర్చునేదేమో అనిపించేది.

ఆ రోజు మామ ఏమీ అనలేదు. తల వంచుకుని, మెడ బిగించి, సందులోంచి నడిచాడు. నేను వెనకాలే నడిచాను. సగం దాటాక ముసలవ్వ కర్ర నేలకు కొట్టింది.

"ఏంది పిలగా, సప్పుడు జేయకుంట పోతున్నవ్? మేం మనుషులం గానొస్తలేమా?"

మామ ఆగాడు. వెనక్కి తిరిగాడు గానీ ఆమె మొహం చూడలేదు.

"అడిగితే పోతదట పెద్దమ్మా" అన్నాడు.

"ఏం పోతది?"

"బాట. గీ పిల్ల సదువుల ఉన్నదట."

ముసలవ్వ నావైపు తిరిగింది. నా చేతిలో అట్టలో పెట్టిన డిగ్రీ ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ తన మొహం చూడని మామను చూసింది. తర్వాత మిరపకాయల మీద పడకుండా పక్కకు వంగి ఉమ్మేసింది.

"థూ! గదేం సదువే" అన్నది.